ధనుంజయ్ కూర్చున్న కుర్చీ

పండరీ బజార్లో బట్టల కొట్ల పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో పొద్దున్నే మొదటి పని టీ తాగడం, రెండో పని లినక్స్ మిషన్‌కి ఆ రోజు ఏ కంపైలర్ వాడాలో చెప్పడం. మనం రాసిన కోడ్‌ని మిషన్ నడిపేలా మార్చేది కంపైలర్. స్టీలు మిల్లుల లారీలు తూచే కాటా ప్రోగ్రాం పాతది. నాలుగో వెర్షన్ కంపైలరూ, లైబ్రరీలనే ఆనాటి రెడీమేడ్ కోడ్ కట్టలూ ఉంటే తప్ప మాట వినదు. కొత్త ప్రోగ్రాములకి పదకొండోది. రెండూ ఒకే మిషన్‌లో ఉంటాయి, ఏది కావాలో అది ఎంచుకోవడమే.

ఎంచుకోగానే మిషన్ ముందు కూర్చున్న మనిషి కూడా ఆ కంపైలర్ నాటి వయసుకి వెళ్ళిపోతాడు. తరవాతి సంగతులేవీ గుర్తుండవు. మళ్ళీ మార్చేదాకా అంతే. బట్టతల అప్పారావైతే కాటా పని ఉన్న రోజు జేబులో దువ్వెన వేసుకుని వస్తాడు.

"ఫోటో తీయనా అన్నా?" అని ఏడిపించేది సంధ్య.

"తియ్యమ్మా, జుట్టంతా పడేలా తియ్!"

ఆ సోమవారం మాత్రం సంధ్య టీ కూడా కసిగా తాగింది. పదేళ్ళ కింద తను రాసిన కాటా ప్రోగ్రాం తెరిస్తే, మొదటి వరసలో తన పేరుండాల్సిన చోట ధనుంజయ్ పేరు కులాసాగా కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడు, ఇప్పుడు మేనేజరు. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళనే బ్రాంచి హెడ్‌ని చేస్తానన్న ఓనరు రంగనాయకమ్మ గారు ఆ రోజే వస్తున్నారు.

"పేరు మార్చావేం?"

"సఫాయి చేశాను సంధ్యా. పాత పేర్లెందుకు? ఛోడో నా!"

"సరే, వదిలేశా," అంది సంధ్య. వదల్లేదు.

రంగనాయకమ్మ గారు రాగానే ధనుంజయ్ టై సర్దుకుని మిషన్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. "మొత్తం నేనే రాశాను మేడమ్!"

వెనక బల్ల దగ్గర సంధ్య తన ల్యాప్‌టాప్‌లోంచే ఆ మిషన్‌లోకి వెళ్ళి, నాలుగో వెర్షన్ ఎంచుకుని, మీట గట్టిగా నొక్కింది.

ధనుంజయ్ పొట్ట తగ్గింది, బెల్టు వదులైంది, బుగ్గల మీద మొటిమలు లేచాయి. రంగనాయకమ్మ గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఈ ప్రోగ్రాంలో ఖాళీ లారీ బరువు ఎక్కడ తీసేస్తున్నావు బాబూ?" అన్నారు.

అతను తెర వంక చూశాడు. వెనక్కి తిరిగి, "దీదీ, ఇది మీరు రాసింది కదా? నా పేరెందుకుంది? నేను జాయినై వారమే అయింది!" అన్నాడు.

"రేపట్నుంచి బ్రాంచి నీదే సంధ్యా," అన్నారు రంగనాయకమ్మ గారు లేస్తూ. "ఈ అబ్బాయికి మొదట్నించీ నేర్పు."

సాయంత్రం అతన్ని అప్పారావే స్కూటర్ మీద ఇంట్లో దింపాడు. ఒక్క రాత్రి మొటిమలతో పడుకోనీ, పొద్దున మార్చేద్దాం అనుకుంది సంధ్య. అంతలో ధనుంజయ్ భార్య చాందిని ఫోను.

"దీదీ, ఈయన గుమ్మంలో నిలబడి 'మీరెవరండీ' అన్నాడు. భార్యనన్నాను. చెవులదాకా ఎర్రబడి 'సచ్చీ? నిజంగానా?' అన్నాడు. గిన్నెలు తోమాడు. ఇప్పుడు నాకు టీ పెడుతున్నాడు. రేపు మార్చేస్తారా?"

"కొత్త ప్రోగ్రాం పని ఉందమ్మా. పదకొండోది లేకపోతే ఎట్లా?"

ఫోనులో గరిటె చప్పుడు, "చక్కెర ఎంతండీ?" అని సిగ్గుపడే ఒక గొంతు వినిపించాయి.

మర్నాడు సంధ్య పొద్దున్నే వచ్చి, పదకొండో కంపైలర్‌నీ దాని లైబ్రరీలనీ వేరే మిషన్‌లోకి ఎక్కించుకుంది, పాతదాన్ని నాలుగో వెర్షన్ మీదే వదిలేసింది.