బండి బయలుదేరే అరుగు

హారన్ కొట్టడం కూడా తప్పేనా అని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో అయితే అది ఎవరి గుమ్మం ముందు కొట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మా ఆయన శ్రీకాంత్ కొట్టింది మాజీ సర్పంచి లక్ష్మీనారాయణ గారి గుమ్మం ముందు. అదీ మామూలుగా కాదు, వీధిలో వాళ్ళంతా తలుపులు తీసుకుని బయటికొచ్చేలా కొట్టాడు.

మా ఆయన్ని మాత్రం ఏమనగలను? దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి, మొహం కూడా కడుక్కోకుండా పిల్లల్ని కారెక్కించుకున్నాడు. వెనక సీట్లో మా భవ్య, కృపక్క కూతురు చిన్నారి బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లక్ష్మీనారాయణ గారి మనవడు తేజ రావాలి. వాడు ఎంతకీ రాడు. ఇడ్లీ తింటున్నాడని ఒక రోజు, దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడని ఒక రోజు లోపల్నుంచి కబురొస్తుంది. ఆ రోజు హారన్ విని తేజ రాలేదు, వాళ్ళ తాత వచ్చాడు.

"ఏందిరా శ్రీకాంతూ, నా గుమ్మం ముందుకొచ్చి హారన్ కొడతన్నావా? మా పిల్లోణ్ణి మేం పంపించుకోగలం. నువ్వు పో" అన్నాడు.

మా ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఈ రభసంతా అయ్యి వెళ్ళేసరికి స్కూలు గేటు వేసేశారు. పిల్లలిద్దరూ వెనక్కొచ్చారు. ఇలా రావడం అదే మొదటిసారి కూడా కాదు.

అసలు సంగతి మొదట్నుంచి చెప్పాలి. లారీలు తిరిగి తిరిగి మా ఊరి రోడ్డు గుంతలు పడిపోతే, గురజాల నుంచి వచ్చే స్కూలు బస్సు మా ఊరికి రావడం మానేసింది. అప్పట్నుంచీ మా ఆయనది ఒకటే మాట, భవ్యని నరసరావుపేటలో హాస్టల్లో వేద్దామని. అందరూ వేస్తున్నారు, నిజమే. కానీ మా భవ్య నిద్రలో లేచి నడుస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకదు. ఒకసారి గడియ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది కూడా. ఐదో తరగతి చదివే ఆ పిల్లని ఎక్కడో మూడో అంతస్తులో పడుకోబెట్టి, ఇక్కడ నేను కన్ను మూయగలనా? "పెద్దయితే అదే పోద్దని డాక్టరు చెప్పాడుగా" అంటాడు ఆయన. పోయేదాకా తలుపుకి అడ్డంగా పడుకునేది నేను.

అలాంటప్పుడు నన్ను ఆదుకుంది ఈ కృపక్కే, కృపామణి. మా వెనక వీధిలో మిషను కుడుతుంది, ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది, కారు నడుపుతుంది. మా ఊళ్ళో కారు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. కార్లున్న మా మూడిళ్ళనీ కలిపి, వారానికొకరు పిల్లల్ని దించి రావాలని పెట్టింది ఆమే. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు జుట్లు పట్టుకుంటే, పోయేటప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు వచ్చేటప్పుడు మధ్యలో కూర్చోవాలంది. బండిలో ఎవరూ ఎక్కాలు అప్పజెప్పమనకూడదు, పెద్దవాళ్ళు పార్టీల మాట ఎత్తకూడదు. మా పల్నాడులో ఈ రెండోది ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు. అయినా అదీ పాటించారు. పొద్దున్నే చెవి మెలేస్తే గానీ లేవని మా భవ్య, బండి కోసం తనంతట తను లేవడం మొదలుపెట్టింది. అంతా బాగానే ఉంది, ఆ ఒక్క ఇంటి ముందు పడిగాపులు తప్ప.

గేటు దగ్గర్నుంచి వచ్చిన మా ఆయన ఇక మొండికేశాడు. "హాస్టలాయనతో మాట్లాడేశా. ఆదివారం దిగబెడదాం" అన్నాడు. కాళ్ళా వేళ్ళా పడితే, రేపొక్కరోజు చూస్తానన్నాడు. ఏం చూస్తాడు? లక్ష్మీనారాయణ గారు తప్పుకుంటే ఇది నడవదు. మా ఆయనకి పొద్దుటి షిఫ్టు పడితే కారు తీసేవాళ్ళుండరు. కృపక్క భర్త స్టీఫెన్‌ది పెళ్ళిళ్ళ ఫొటోల పని, వాళ్ళ కారు సగం రోజులు ఊళ్ళోనే ఉండదు. నా స్కూటీ మీద ఆ లారీల మధ్య పిల్లని తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం కృపక్క ఇంటికెళ్ళి నోటికొచ్చిందల్లా అన్నాను. "సర్పంచిగిరీ పోయినా ఆ మనిషికి దర్పం పోలా. మనవణ్ణి పొద్దున్నే తయారు చెయ్యటం చేతకాదా? నేనే పోయి కడిగేస్తా, ఏం చేస్తాడో చూస్తా."

ఆమె కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టింది. "తేజ తయారవకపోవటం ఏంది దివ్యా? నేను తీసకపోయిన వారమంతా చూశా. ఆ పిల్లోడు బూట్లేసుకుని, బ్యాగు తగిలించుకుని తలుపెనకే ఉంటాడు. తాతే పంపడు."

"ఎందుకంట?"

"ఒకప్పుడు తెల్లారేసరికి ఆ అరుగు మీద చానా మంది ఉండేవాళ్ళు. పింఛననీ, పొలం తగాదా అనీ. ఆయన బయటికొచ్చేదాకా కూర్చునేవాళ్ళు. ఓడిపోయినాక ఒక్కడన్నా వస్తన్నాడా? ఇప్పుడు ఆ ఇంటి ముందు ఆగేది మన బండొక్కటే. ఇంకాసేపు ఆగితే బాగుండనిపియ్యదా ఆయనకి?"

ఆ ఇంటి ముందు నుంచి రోజూ నేనూ వెళ్తాను, ఆమె కూడా వెళ్తుంది. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఆమెకి ఆయన మీద జాలి కలిగింది. దేవుడు కొందరికి వేరే కళ్ళు ఇస్తాడేమో అనిపించింది.

ఇద్దరం వెళ్ళాం. ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి కూడా పేపరు దించలేదు. కృపక్క బతిమాలుతుందేమో, మా ఆయన తరఫున తప్పయిందంటుందేమో అనుకున్నాను. ఆ రెండూ చేయలేదు.

"బాబాయిగారూ, బండి ఇంటింటికీ తిరగటం కుదరటల్లేదండీ. రేపట్నుంచి పిల్లలు ముగ్గురూ మీ అరుగు మీదకే వస్తారు. ఎవరి బండైనా ఇక్కడికే వచ్చుద్ది. మీరు చూసి, ఇంక పొండి అంటేనే కదుల్తది. చిన్నపిల్లలు కదండీ, పెద్దోళ్ళు ఒకరు దగ్గరుండి పంపాల" అంది.

ఆయన పేపరు మడిచాడు. "హారన్లు కొట్టేవాళ్ళు ఒప్పుకుంటారా?" అని నా వైపు చూశాడు.

ఘాటుగా ఒకటి అందామని నోటిదాకా వచ్చింది. కృపక్క మోచేత్తో పొడిచింది. "ఒప్పుకుంటారు మామయ్యా" అన్నాను. అంతటితో ఆగుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. "రేపు గనక గేటేస్తే మా భవ్యని హాస్టల్లో వేస్తారు. అది నిద్రలో లేచి నడుస్తది మామయ్యా. నాకు భయమేస్తంది."

ఆయన మడిచిన పేపరు పక్కన పెట్టి లేచాడు. "పొద్దున్నే పంపండి. ఆలస్యమైతే మాత్రం ఊరుకోను" అన్నాడు.

తెల్లారి భవ్యకి జడ వేస్తుంటే ఫోను. "ఏమ్మాయ్, చిన్నారి వచ్చింది. మావాడు వచ్చాడు. మీ పిల్లేది?" అని గట్టిగా ఆయన గొంతు. ఒక జడకి రిబ్బను కట్టకుండానే పిల్లని లాక్కుని పరిగెత్తాను. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చిన్నారి బాటిల్లో నీళ్ళున్నాయా అని ఊపి చూశాడు, తేజ చేత బూటు లేసు మళ్ళీ కట్టించాడు. కృపక్క ఓ పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడింది.

మా ఆయన డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. కారు ఆ అరుగుకి కాస్త దూరంగా ఆపి, తల వంచుకుని కూర్చున్నాడు. లక్ష్మీనారాయణ గారు మెల్లగా కారు దగ్గరికి నడిచి, కిటికీలోకి వంగి చూశాడు. మళ్ళీ ఏం గొడవవుతుందోనని నేనూ వెనకే వెళ్ళాను.

"కళ్ళు అట్టా ఎర్రగా ఉన్నయ్యేందిరా?"

"నైట్ డ్యూటీ బాబాయ్."

"రాత్రంతా నిద్ర లేకుండా, ఆ లారీల మధ్యన ముగ్గురు పిల్లల్ని తీసకపోతన్నావా? దిగు."

"పర్లేదు బాబాయ్..."

"దిగరా. పోయి ఆ అరుగు మీద కాసేపు నడుం వాల్చు. నేను తోలతా."

మా ఆయన దిగాడు. పెద్దాయన సీటు వెనక్కి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, భవ్యని ముందు కూర్చోబెట్టుకున్నాడు. పిల్లలు ముగ్గురూ ఒకటే కేకలు. బండి వీధి మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

కాసేపటికి పెద్దాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది, పిల్లలు బెల్లు కొట్టకముందే లోపలికెళ్ళారని. మా ఆయన అరుగు మీద కూర్చునే ఉన్నాడు, పడుకోలేదు. జేబులోంచి ఫోను తీసి హాస్టలాయనకి చేశాడు. "ఇప్పుడు కాదులేండి. పాప ఇక్కడ్నుంచే పోయొస్తది" అన్నాడు. నేను కృపక్కని అందరి ముందూ వాటేసుకున్నాను. ఎవర్నీ ఒక్క మాట అనకుండా నా బిడ్డని నా దగ్గరే ఉంచింది ఆ మహాతల్లి. "వదులే, జాకెట్లు కుట్టేది చానా ఉంది" అని నన్ను విడిపించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం జడ విప్పుతుంటే భవ్య ఒకటే కబుర్లు. "అమ్మా, తాతయ్య చిన్నప్పుడు ట్రాక్టరు తీసకపోయి కాలవలోకి తోలాడంట! అంతలోకే స్కూలొచ్చేసింది. బయటికెట్టా తీశారో రేపు చెప్తాడంట."

రేపు అన్న మాట వినేసరికి నా చేతులు ఆగిపోయాయి. ఏడుపొచ్చేసింది.

"రేపే కాదే, ఎల్లుండి కూడా చెప్తాడు" అన్నాను, ఏడుస్తూనే.