గద్ద వాటా

జిప్పు సంచిలో ముందు దుప్పటి పెట్టింది లోవలక్ష్మి. దాని మీద రెండు చీరలు, దువ్వెన, ఫోను చార్జరు, జలుబు మాత్రలు. పోయిన మొగుడు రాముడి ఫొటో మేకు మీంచి తీసి, పైటకొంగుతో తుడిచి, అద్దం పగలకుండా చీర మడతల మధ్య పెట్టింది. సంచి ఎత్తి చూసుకుంది. తేలిగ్గానే ఉంది. మనిషి ఎక్కడ ఎన్నాళ్ళున్నా చివరికి సర్దితే ఇంతేనేమో అనుకుంది.

సర్దడం ఆమెకు కొత్త కాదు. తుఫాను వస్తోందంటే సర్దేది. గోదావరి పెరిగిందంటే సర్దేది. చెరువు చేతులు మారుతుందని మేత లారీ కుర్రాడు ఊసుపోక అన్న మాటకి కూడా సర్దేసి, మూడు రోజులు సంచిలోంచే చీరలు తీసి కట్టుకుంది. పొమ్మనిపించుకుని సర్దుకోవడం కన్నా ముందే సర్దుకుని కూర్చుంటే గుండె కాస్త నిమ్మళంగా ఉంటుందని ఆమె నమ్మకం.

ఈసారి కారణం గద్ద.

ద్రాక్షారామానికి కాస్త అవతల, సత్తిరాజు గారి చేపల చెరువు గట్టు మీద పాకలో ఉంటుంది లోవలక్ష్మి. పిట్టల్ని తోలడం ఆమె పని. తెల్లారింది మొదలు పొద్దు వాలేదాకా నూనె డబ్బా ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతుంది. మనిషి సన్నం, నలుపు. మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, తలకి రాముడి పాత తువ్వాలు. కర్ర పట్టే చెయ్యి రెండో చేతి కన్నా లావెక్కింది. డబ్బా మోత విని విని చెవులు కొంచెం మందగించాయి. అందుకని మామూలు మాట కూడా అవతలి గట్టుకి వినబడేట్టు మాట్లాడుతుంది.

నీటికాకులంటే ఆమెకి ఒళ్ళు మంట. "దొంగ సచ్చినాళ్ళు! పెళ్ళి భోజనానికి బస్సు దిగినట్టు దిగుతారు" అని తిడుతుంది. వాటి మీద ఆమె డబ్బా పిడుగులా పడుతుంది.

కానీ కార్తీకం వెళ్ళేసరికి ఎక్కడి నుంచో ఒక కొరమీను గద్ద వస్తుంది. తెల్లటి పొట్ట, గోధుమ రంగు రెక్కలు, కళ్ళ మీదుగా మెడ దాకా కాటుక దిద్దినట్టు నల్లటి గీత. చెరువు మధ్యలో ఎప్పటిదో తాటి మొద్దు ఒకటి ఊగుతూ మిగిలింది. దాని మీద కూర్చుంటుంది. రోజుకో చేప పట్టుకుని పోతుంది. దానికి మాత్రం లోవలక్ష్మి డబ్బా కొట్టదు. మూడు చలికాలాలుగా కొట్టలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రాముడు బతికున్నన్నాళ్ళూ ఏటిలో వల వేసేవాడు. వల ఖాళీగా వచ్చిన రోజు ఇంటి ముందే చాలాసేపు తచ్చాడేవాడు తప్ప లోపలికొచ్చి ఆమె మొహం చూసేవాడు కాదు. కామెర్లతో పోయే ముందు కూడా, "ఒట్టి చేతుల్తో వచ్చిన రోజులే ఎక్కువే" అన్నాడు. గద్ద మొదటిసారి మునిగి, ఏమీ దొరక్క, రెక్కలు దులుపుకుంటూ మొద్దు మీద వాలి తల పక్కకి తిప్పుకున్నప్పుడు ఆమెకి ఆ మొహమే గుర్తొచ్చింది. ఎత్తిన కర్ర దించేసింది.

నిన్న సాయంత్రం సత్తిరాజు గారు ఫోను చేశారు.

"లోవా, స్టూడియో లోకనాథ్ గారు రేపు మన చెరువుకొస్తారంట. గద్దని ఫొటో తీస్తారంట. మన చెరువు మీద గద్దేంటే? నువ్వేం చేస్తున్నట్టు? ఉండు, నేనూ వస్తా."

అందుకే సంచి.

లోకనాథ్ మంచు విడవకముందే స్కూటరు మీద వచ్చేశాడు. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి తీసి జుట్టు నెరిసిన మనిషి. ఏదో పెళ్ళికి పోతూ రోడ్డు మీంచి ఈ గద్దని చూశాడట. అప్పట్నించి నిద్ర లేదట. మెడలో మూరెడు పొడవు లెన్సు వేలాడుతోంది. అది కాకినాడలో ఎవరినో బతిమాలి తెచ్చింది, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి.

"అక్కా, ఇవాళొక్క రోజు మీ డబ్బాకి సెలవియ్యండి" అన్నాడు.

"ఎందుకు బాబు గారూ ఈ పిట్ట మీద ఇంత మోజు?"

"ఇన్నేళ్ళూ అప్పగింతలే తీశానక్కా. పెళ్ళికూతురు ఏడుపు, తల్లి ఏడుపు, తండ్రి తువ్వాలు మొహాన పెట్టుకోవడం. ఏడవని మొహం ఒక్కటి, నా కోసం తీసుకుందామని."

లోవలక్ష్మి నవ్వేసింది. ఆ నవ్వుకి అవతలి గట్టు మీద కొంగ లేచిపోయింది. లోకనాథ్ భార్య బుజ్జమ్మ కట్టిచ్చిన పులిహోర ఇద్దరూ అరిటాకు చింపుకుని తిన్నారు. మిరపకాయలన్నీ ఆయన ఏరి పక్కన పెడితే ఆమె తిన్నది.

మంచు విడిచింది. గట్టు మీద బుల్లెట్టు చప్పుడైంది. సత్తిరాజు గారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దిగారు. "ఏదండీ మీ పెళ్ళికొడుకు?" అని లోకనాథ్‌ని అడుగుతూనే తలెత్తారు. సరిగ్గా అప్పుడే గద్ద వచ్చింది.

ఊగే మొద్దు మీద వాలింది. లేచింది. నీళ్ళ మీద గాలిలో ఒకచోటే రెక్కలాడిస్తూ నిలబడింది. రాయిలా పడింది. నీళ్ళు చిమ్మాయి. ఖాళీ కాళ్ళతో పైకి వచ్చింది.

"అదిగో! చూస్తావేంటే లోవా? డబ్బా కొట్టు!"

"కొడతానండి."

కర్ర ఎత్తింది. చెయ్యి దాని అలవాటు కొద్దీ దిగబోయింది కూడా. గద్ద రెక్కలు దులుపుకుని మళ్ళీ పైకి తిరుగుతోంది. పక్కన లోకనాథ్ ఊపిరి బిగబట్టి కెమెరాకి అతుక్కుపోయి ఉన్నాడు. ఒక్క దెబ్బ కొడితే చాలు, కొలువు నిలుస్తుంది. ఆయన ఫొటో పోతుంది. ఆ వేటగాడు ఒట్టి చేతుల్తో పోతాడు. లోవలక్ష్మి డబ్బాని గట్టు మీద బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఏంటే అది?"

"కాళ్ళు లాగుతున్నాయండి."

గద్ద రెండోసారి పడింది. ఈసారి నీళ్ళలోంచి లేవడానికి పెనుగులాడింది. రెక్కలతో నీళ్ళని కొట్టి కొట్టి లేచింది. కాళ్ళ మధ్య శీలావతి చేప, తల ముందుకి పెట్టి, పొద్దులో వెండిపళ్ళెంలా మెరుస్తోంది. తిన్నగా వీళ్ళ వైపే వచ్చింది.

లోకనాథ్‌కి ఒళ్ళు తెలియలేదు. "ఇటమ్మా, ఇటు చూడండి! గెడ్డం కొంచెం దించండి! ఆఁ, నవ్వండి!" అని కేకలు పెడుతూ టకటకా నొక్కేశాడు. గద్ద తల మీంచి వెళ్ళిపోయింది. దాని కాళ్ళ నుంచి నీటిచుక్కలు సత్తిరాజు గారి కళ్ళద్దాల మీద పడ్డాయి.

లోవలక్ష్మి లేచి చేతులు కట్టుకుంది.

"మూడు చలికాలాల నుంచండి. రోజుకొకటేనండి. నేనే తోలలేదు. సంచి సర్దేసుకున్నానండి."

సత్తిరాజు గారు కళ్ళద్దాలు తుడుచుకుని కెమెరా వెనకాల బొమ్మలోకి తొంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది మన చెరువు చేపేనా?"

"తమరిదేనండి."

"ఓరి నీ... ఎంత లావుందండీ లోకనాథ్ గారూ! గద్ద కన్నా చేపే బలంగా ఉంది! దీన్ని పెద్దది చెయ్యండి, గోడంత. మన చెరువులో చేప ఎదగలేదని మొన్న భీమవరం వాళ్ళు మొహమ్మీదే అన్నారు. వాళ్ళకి పంపుతా. చూసి ఏడుస్తారు."

"మళ్ళీ ఏడుపేనా అండీ?" అన్నాడు లోకనాథ్.

ముగ్గురూ నవ్వారు. లోవలక్ష్మి నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. సత్తిరాజు గారు పాక గుమ్మంలో ఉన్న సంచి చూశారు.

"ఎక్కడికే ప్రయాణం? నువ్వెళ్తే నీటికాకుల్ని నేను తోలాలా? దానికి చెప్పు, పడితే ఇలాంటివే పట్టమను. బక్కవి ఎత్తుకెళ్ళి ఊళ్ళో నా పరువు తీస్తే ఊరుకోను."

"ఆయ్, చెబుతానండి."

రాముడి ఫొటో మళ్ళీ మేకెక్కింది. గద్ద ఫొటో సత్తిరాజు గారి ఆఫీసులో గోడెక్కింది. లోకనాథ్ చిన్నదొకటి లోవలక్ష్మికి తెచ్చిచ్చి, రాముడి పక్కనే తగిలించి, మరీ మరీ చూసుకుని వెళ్ళాడు. తాటి మొద్దు పుచ్చిపోయింది, పిట్ట పడిపోతుందని సత్తిరాజు గారు దగ్గరుండి చెరువు మధ్యలో నిటారైన సరుగుడు వాసం పాతించారు. వాసం పాతడం అయ్యేలోపే ఎండలు ముదిరాయి. గద్ద ఒక ఉదయం చేప పట్టి, చెరువు మీద ఒక చుట్టు తిరిగి, ఉత్తరానికి పోయింది. పోయేటప్పుడు చేతులు నిండుగానే ఉన్నాయి కదా అని లోవలక్ష్మి ఆ రోజంతా చెప్పుకుంది.

ఏటా కార్తీకం రాగానే లోకనాథ్ స్కూటరు వేసుకొస్తాడు. సత్తిరాజు గారు బుల్లెట్టు ఆపి, "వచ్చిందా మన చుట్టం?" అని గట్టు మీంచే అరుస్తారు. లోవలక్ష్మి పులిహోరలో మిరపకాయలు తింటూ, "వస్తాదండి" అంటుంది.

రెండు వేల ఇరవై రెండు మార్చిలో వెళ్ళిన ఆ గద్ద మళ్ళీ రాలేదు. చెరువు మధ్యలో సరుగుడు వాసం నిలబడే ఉంది, చివర బెరడు మీద ఒక్క గోటి గీతైనా పడకుండా.