లక్ష్ముడి పేరు మీద పెట్టిన పోస్టు

యమున ఎండుచేపల వ్యాపారం మొదలుపెట్టి రెండేళ్ళయింది. అరసవల్లిలో అద్దె ఇంటి ముందు గదే దుకాణం. ఎండు నెత్తళ్ళు, రొయ్యల పచ్చడి డబ్బాల్లో పెట్టి కొరియర్ చేసేది. కొనేవాళ్ళంతా ఇన్‌స్టా పేజీ చూసి వచ్చేవాళ్ళే. అందుకే ఫొటో కింద ఏ హ్యాష్‌ట్యాగ్ రాయాలా అని గంటలు ఆలోచించేది. మొదట్లో ‘ఫుడ్’, ‘టేస్టీ’ అని రాస్తే లక్షల పోస్టుల్లో ఆమె పచ్చడి ఎక్కడో కలిసిపోయింది. తర్వాత పని నేర్చుకుంది. ఊరి పేరు రాయాలి, సరుకు పేరు రాయాలి, కొనేవాడు వెతికే మాట రాయాలి. ‘శ్రీకాకుళంఎండుచేపలు’ అని పెట్టాక, హైదరాబాదులో స్థిరపడిన ఈ జిల్లావాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు.

ఆమెకు నెత్తళ్ళు ఇచ్చేది అసిరమ్మ. శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డున పల్లె. భర్త లక్ష్ముడు వేటకు వెళ్తాడు, తెచ్చిన చేపను ఆమె ఎండబెడుతుంది. వాళ్ళకో చిన్న కూతురు. వారానికోసారి గంప ఆటోలో వేసుకొచ్చి, గుప్పెడు నెత్తళ్ళు యమున చేతిలో పోసి, “ఇసక ఉంటే సెప్పు” అనేది. ఎప్పుడూ ఉండేది కాదు.

నవంబరులో ఒక ఆదివారం అల తగిలి లక్ష్ముడి బోటు తిరగబడింది. ముగ్గురిలో ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. లక్ష్ముడు చేరలేదు. మర్నాడు పొద్దున్నే అసిరమ్మ తమ్ముడు గోపి, లక్ష్ముడి ఫొటో పెట్టి ‘లక్ష్ముడుఎక్కడ’ అనే ట్యాగ్ రాశాడు. ఎవరికి ఏ సమాచారం తెలిసినా ఆ పేరుతోనే పెట్టమని కోరాడు. సాయంత్రానికి జిల్లా అంతా ఆ పోస్టునే పంచుకుంటోంది.

యమున కూడా పంచుకుంది. కాసేపయ్యాక, ఎంతమంది చూస్తున్నారో గమనించింది. తన పేజీని నెలలో చూసేవాళ్ళకంటే ఎక్కువమంది ఆ ట్యాగ్‌ని గంటలో చూస్తున్నారు. ఆ వారం ఆర్డర్లు లేవు. రొయ్యల పచ్చడి ఫొటో తీసి, పైన ‘లక్ష్ముడు క్షేమంగా ఇంటికి రావాలని కోరుకుందాం’ అని రాసింది. కింద ఫోన్ నంబరు వేసింది. చివర ఆ ట్యాగ్ చేర్చింది.

ఆమె భర్త రమేష్‌బాబు చూసి, “ఇది బాగుంటాదా?” అన్నాడు.

“నేనేటి తప్పు రాసినాను? బాగుండాలనే కదా రాసినాను.”

పైన రాసిన మాట ఎవరి కోసమో, కింద నంబరు ఎవరి కోసమో యమునకు తెలుసు. అయినా తీయలేదు.

ఆర్డర్లు వచ్చాయి. ఆమెను చూసి పచ్చళ్ళవాళ్ళు, చీరలవాళ్ళు, శృంగవరపుకోట నుంచి జీడిపప్పు అమ్మే ఆయన అదే పని చేశారు. మంగళవారానికి ఆ పేరు కింద లక్ష్ముడు తక్కువ, సరుకు ఎక్కువ.

లక్ష్ముడు చావలేదు. ఖాళీ డీజిల్ డబ్బాను కావలించుకుని కొట్టుకుపోతుంటే ఒడిశా జాలర్లు చూసి ఆసుపత్రిలో చేర్చారు. మాట్లాడే స్థితిలో లేడు. జేబులో ఏమీ లేదు. చేతి మీద తెలుగులో ఉన్న పచ్చబొట్టు చూసి, తెలుగు వచ్చిన అక్కడి సెల్‌ఫోన్ దుకాణదారు ఒకతను తప్పిపోయిన జాలర్ల కోసం ఇన్‌స్టాలో వెతికి, ఈ ట్యాగ్ పట్టుకుని బుధవారం పొద్దున్న ఫొటో పెట్టాడు. ఆ ఫొటో పచ్చళ్ళ కింద పడిపోయింది. గురువారం మధ్యాహ్నం గాని ఎవరి కంటా పడలేదు. గోపి వాళ్ళు కారు కట్టించుకుని వెళ్ళేసరికి సాయంత్రమైంది. లక్ష్ముడు ఆ పొద్దున్నే పోయాడు.

సంగతి యమునకు గోపీయే ఫోన్లో చెప్పాడు. “రెండ్రోజులు గంటగంటకీ సూసినానక్కా. అన్నీ డబ్బాలే వస్తన్నాయి. ఇసుగొచ్చి మానేసినాను.” అతనికి ఆమె పోస్టు గుర్తుందో లేదో తెలియలేదు. ఉంటే బాగుండునని, తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఫోన్ పెట్టేసి వెంటనే తన పోస్టు తీసేసింది. తీశాక అది ఇంకా దొంగపనిలా అనిపించింది.

పెద్దకర్మ అయ్యాక ఆ పల్లెకు వెళ్ళింది. రమేష్‌బాబు వద్దన్నాడు. “ఆవిడికి అదేటో తెలీదు. సెప్పి ఇంకా బాధెందుకు పెడతావు?” ఆ మాటలో ఆమెకు కావలసిన సుఖం ఉంది. అందుకే వినకుండా బయలుదేరింది.

అసిరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. “నువ్వొచ్చినావా పాపా, కూకో,” అంది.

యమున కూర్చోలేదు. “అక్కా, గోపి పెట్టిన పేరు ఉన్నాది కదా. లక్ష్ముడు బావ కోసం ఎవులు ఏటి రాసినా ఆ పేరు పెడితే అన్నీ ఒకేకాడ కనబడతాయి. నేనూ ఆ పేరు పెట్టినాను. పచ్చడి అమ్ముడుపోడానికి.”

అసిరమ్మ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది. “మా ఓడ్ని ఎతికే కాడ నీ డబ్బా ఎట్టినావు.”

“ఎట్టినాను. నన్ను సూసి మరికొందరు ఎట్టినారు. ఒడిశా ఆయన పెట్టిన ఫొటో ఆటి కిందకెళిపోనాది.”

“ఆ ఫొటో సూపించు,” అంది అసిరమ్మ.

యమున ఫోన్ తీసింది. ఆ ఫొటోను చేరాలంటే ఆ పేరు కింద ఉన్నవన్నీ దాటాలి. మామిడికాయ పచ్చడి, పట్టుచీర, జీడిపప్పు, మళ్ళీ పచ్చడి. ఒక్కొక్కదాన్నీ వేలితో పైకి తోస్తుంటే అసిరమ్మ ఒక్కొక్కదాన్నీ చూసింది. చివరికి లక్ష్ముడు కనిపించాడు. తెల్లటి మంచం, ముక్కులో గొట్టం, సగం తెరిచిన కళ్ళు, చేతి మీద ‘అసిరమ్మ’.

ఆమె ఫోన్ తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“కళ్ళు తెరిసే ఉన్నాడు,” అంది.

యమున ఏడ్చింది. అసిరమ్మ ఊరుకోమనలేదు.

“ముందెల్తే బతికీవోడా అని నన్నడక్కు. నాకు తెల్దు. నేను పక్కనుండీదాన్ని, అంతే.”

“ఏటి సెయ్యమంటావక్కా?”

“ఆ డబ్బాలు, సీరలు తీయించు. నా కూతురు పెద్దదయ్యి ఎతికితే ఆళ్ళ నాన్నే కనబడాల.” ఫోన్ తిరిగి ఇచ్చింది. “సేప మరి నీకెయ్యను. కోపమని కాదు. నీ ఇంటికొస్తే నాకిదే గేపకం వస్తాది.”

మర్నాటి నుంచి యమున ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. మొదట తాను చేసింది చెప్పి, ఆ తర్వాతే అడిగేది. కొందరు వెంటనే తీసేశారు. ఒకావిడ, “మొదలెట్టింది నువ్వే కదా, ఇప్పుడు నీతులా?” అంది. యమున అవునని ఒప్పుకుని మళ్ళీ అడిగింది. జీడిపప్పు ఆయన ఎన్నిసార్లు చేసినా ఎత్తకపోతే బస్సెక్కి శృంగవరపుకోట వెళ్ళింది. ఆయన కథంతా విని, ఆమె ఎదుటే తీసేసి, తల దించుకుని కూర్చున్నాడు. యమున తన పేజీలోనూ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసింది. కొనేవాళ్ళు కొందరు తగ్గారు. తగ్గడమే న్యాయమనుకుంది.

అన్నీ పోవడానికి నెలన్నర పట్టింది. ఒక మధ్యాహ్నం గోపి ఫోన్ చేశాడు.

“అక్కా, ఇప్పుడన్నీ బావ ఫొటోలే వస్తన్నాయి. మా అసిరమ్మప్ప సూసినాది.”

“ఏటన్నాది?”

“ఏటీ అన్లేదు. సూసినాది.”

యమున సరేనంది. ఇంకేదో అడగాలనుకుని, అడిగే హక్కు తనకు లేదనిపించి, ఫోన్ పెట్టేసింది.