ప్రార్థనకిచ్చిన మాట

క్రిస్టీ నోటికి జడిసేది నందిగామలో ఆమె లెక్కలు చెప్పే పిల్లలొక్కళ్ళే అనుకునేరు! హైదరాబాదులో ఏసీ గదుల్లో కూర్చుని ‘నీలిరేఖ’ నాటకాలు తయారుచేసే కంపెనీవాళ్ళు కూడా జడిసేవాళ్ళు. నీలిరేఖ అంటే ఒక అంతరిక్ష నౌక. క్యాసెట్ల కాలంలో బయల్దేరింది, సీడీలు దాటింది, ఇప్పుడు ఫోన్లో యాప్‌లోకి వచ్చి కూర్చుంది. బొమ్మ ఉండదు, అంతా చెవులతో వినడమే. కెప్టెన్ ఇందుమతి గొంతు ఎన్నిసార్లు మారినా ఆ నౌక మాత్రం ఏ గ్రహం మీదా కుదురుగా ఆగిన పాపాన పోలేదు. కొత్త సాహసం వచ్చిందంటే చాలు, క్రిస్టీ, మోజెస్ కలిసి యూట్యూబులో దాన్ని ఉతికి ఆరేసేవాళ్ళు.

"శూన్యంలో గాలే లేదు కదండీ, మరి ఆ తలుపు కిర్రుమన్న చప్పుడు ఈ మహానుభావుడి చెవికి ఎట్లా చేరింది?" అనేది క్రిస్టీ.

"పోనీలే అక్కా, నూనె వెయ్యలేదేమో" అనేవాడు మోజెస్. వినేవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

మోజెస్‌కి జగ్గయ్యపేటలో పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. దాని వెనక గదికి కోడిగుడ్ల అట్టలూ పాత దుప్పట్లూ కొట్టి రికార్డింగ్ రూము అనిపించాడు. అంతకుముందు నందిగామలో క్రిస్టీ వాళ్ళ చర్చిలోనే కీబోర్డు వాయించేవాడు, ఊరు మారాక కూడా ఉపవాస ప్రార్థనలకి అక్కడికే వచ్చేవాడు. ఆదివారం ఆరాధన కాగానే క్రిస్టీ బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా వాడి దగ్గరికి వెళ్ళేది. వాళ్ళకి ఒకటే కట్టుబాటు. ఎవరి ఇంట్లో వాళ్ళు విడిగా వినాలి, మైకు ఆన్ చేసేదాకా ఆ కథ గురించి ఒకరితో ఒకరు కిక్కురుమనకూడదు. మొదటి మాట మైకులోనే పడాలి. అందుకే వాళ్ళ రివ్యూ అంటే జనానికి అంత నమ్మకం.

ఇంట్లో క్రిస్టీకి ఉన్నది నాన్న ఒక్కడే. ప్రేమదాసు మాస్టారంటే నందిగామలో తెలియనివాళ్ళుండరు. ఇప్పుడు ఆయనకే ఎవరూ తెలియరు. మతిమరుపు జబ్బు మనిషిని నమిలేసింది. భార్య కృపావతి పోయిన సంగతి కూడా ఆయన బుర్రలోంచి జారిపోయింది. పొద్దుగూకే వేళకి "కృపా! కృపా!" అని కేకలు పెట్టి, మంచం దిగి వీధి తలుపుకేసి నడిచేవాడు. అమ్మ పోయింది నాన్నా అని చెబితే అప్పుడే పోయినట్టు ఘొల్లుమనేవాడు. పాపం, ఆ కబురు ఆయనకి ఎన్నిసార్లని చెబుతుంది? ఒకరోజు విసిగిపోయి వంటింట్లోంచి అచ్చం అమ్మలాగే, "అన్నం వార్చి వస్తున్నానండీ, మీరు లేవమాకండి" అనేసింది. ఆయన పసిపిల్లాడిలా వెనక్కి జారగిలబడి, "సరే సరే, నిదానంగా రా" అన్నాడు. ఇక రోజూ అదే మందు.

మందు పని చేసింది గానీ క్రిస్టీ మనసు ఊరుకోలేదు. కన్నతండ్రితో పెళ్ళాంలాగా మాట్లాడ్డం పాపమా? అబద్ధమాడ్డం తప్పా? పాస్టరుగారిని అడగాలంటే సిగ్గు. చివరికి ఒక ఉపవాస ప్రార్థన రోజున, కూడిక అయ్యాక, మోజెస్‌ని చర్చి మెట్ల దగ్గర ఆపి ఏడుస్తూ చెప్పుకుంది. అమ్మ గొంతు ఎట్లా తెచ్చుకుంటుందో, ఏమంటుందో, ఆయన ఏమంటాడో, పొల్లుపోకుండా చెప్పింది. "ఇది ప్రార్థనలో పెట్టు తమ్ముడూ" అంది. వాళ్ళ సంఘంలో ఆ మాట అన్నారంటే ఇక దేవుడికి తప్ప మూడో మనిషికి చెప్పకూడదని అర్థం. తాళం వేసి తాళంచెవి చేతికిచ్చినట్టే. మోజెస్ అక్కడే కళ్ళు మూసుకుని, ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. గుండె తేలికపడి ఇంటికెళ్ళింది పిచ్చితల్లి.

కొన్నాళ్ళకి నీలిరేఖ కొత్త సాహసం విడుదలైంది. శనివారం సాయంత్రం, వంట చేస్తూ వినొచ్చని క్రిస్టీ చిన్న స్పీకరు కిటికీలో పెట్టింది. నాన్న హాల్లో మంచం మీద ఉన్నాడు. కథేమిటంటే, ఎవరూ ఉండని గ్రహం మీద దారినపోయే నౌకలకి దీపం చూపించే ముసలాయన ఒకడు. మతి పోయింది. చచ్చిపోయిన భార్య కోసం బయటి మంచులోకి నడిచి వెళ్ళబోతాడు. కెప్టెన్ ఇందుమతి నౌకలో మాట్లాడే యంత్రం ఉంటుంది కదా, అది గొంతు మార్చి పలికింది: "అన్నం వార్చి వస్తున్నానండీ, మీరు లేవమాకండి."

అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు క్రిస్టీకి రివ్యూ మాటే తట్టింది. ఆ మంచు గ్రహం మీద వరి ఎక్కడ పండిందిరా, అనుకుని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. ఆ మాట అమ్మది. అమ్మ తర్వాత తనది. తను చెప్పింది ఒక్కడికే. స్పీకర్లో ముసలాయన, "సరే సరే, నిదానంగా రా" అన్నాడు. గరిట కిందపడిన సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

ఇంతలో హాల్లోంచి నాన్న కేక. "కృపా!"

తడబడుతూనే క్రిస్టీ రోజూ చెప్పే జవాబు చెప్పింది. ఆయన మాత్రం మంచం దిగి వచ్చాడు. కూతురిని దాటుకుని వెళ్ళి కిటికీలోని స్పీకరు తీసుకుని గుండెకి హత్తుకున్నాడు. "నువ్వు కాదమ్మా. మా ఆవిడ ఇందులో ఉంది" అన్నాడు, పరాయి పిల్లతో చెప్పినంత మర్యాదగా.

క్రిస్టీ బతిమాలింది, అమ్మ గొంతుతో పిలిచింది, తన గొంతుతో పిలిచింది. అబ్బే! ఆ నాటకంలో ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వినిపిస్తే గానీ ముద్ద మింగలేదు. కన్నతల్లి గొంతొక్కటే ఆమె దగ్గర మిగిలిన ఆస్తి. దాన్నీ ఎవరో ఎత్తుకుపోయారు. ఎవరో ఏమిటి, వాడే!

మర్నాడు పక్కింటి దేవమణి ఆంటీని నాన్న దగ్గర కూర్చోబెట్టి జగ్గయ్యపేట వెళ్ళింది. కట్టుబాటు తప్పలేదు. మైకు ఆన్ అయ్యేదాకా పెదవి విప్పలేదు.

మోజెస్ హుషారుగా మొదలుపెట్టాడు. "వందనాలండీ అందరికీ! ఈసారి రచన ‘చుక్కల బైరాగి’ అని వేశారు. ఎవరోగానీ కొత్తాయన, ఏడిపించేశాడండీ బాబూ. ఏమంటావక్కా?"

"బాగా రాశాడు. ఆ నటి కూడా ప్రాణం పెట్టి చేసింది. ఏ వంకా పెట్టలేను. ఇప్పుడు చెప్పు మోజెస్, ఈ బైరాగి చర్చి మెట్ల మీద ఎవరి తలమీద చెయ్యి పెట్టాడు?" అంది క్రిస్టీ.

వాడు గబుక్కున మైకు ఆపేశాడు.

"అక్కా, సర్‌ప్రైజ్ ఇద్దామని... ఒక కథ రాసిమ్మని కంపెనీవాళ్ళే అడిగారు. నీ పేరు ఎక్కడా పెట్టలేదు కదా."

"అమ్మ మాట పెట్టావుగా! ప్రార్థన చెయ్యమని ఇచ్చానురా నీకు, నాటకం ఆడమని కాదు. పైగా రాసింది నువ్వే, కొత్తాయన బాగా రాశాడని పొగిడేదీ నువ్వే. సిగ్గులేదూ?"

"ఎంతమంది ఏడ్చారో కామెంట్లు చూడక్కా. ఇంట్లో పెద్దవాళ్ళతో ఎట్లా ఉండాలో తెలిసింది అంటున్నారు. నేనేమన్నా చెడ్డగా రాశానా?"

"మా నాన్న ఇప్పుడు నా మాట వినడు" అంది క్రిస్టీ. చెప్పకూడదనుకుంటూనే చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ కష్టం వస్తే చెప్పుకున్నది వాడికే మరి. ఇంకెవరికి చెప్పుకుంటుంది? స్పీకరు హత్తుకోవడం, నువ్వు కాదమ్మా అనడం, అన్నీ చెప్పింది.

"అయ్యో అక్కా" అన్నాడు మోజెస్. నిజంగానే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. క్రిస్టీకి అంత కోపంలోనూ, పోనీలే, వీడికి తప్పు తెలిసింది అనిపించింది.

తర్వాత వాడు మెల్లగా అడిగాడు. "స్పీకర్ని పట్టుకుని ఏమన్నాడు? నీతో అన్నది కాదు, మీ అమ్మ అనుకుని అన్నది. ఆ పెట్టెతో ఏం మాట్లాడాడు?"

క్రిస్టీ వాడి మొహంలోకి చూసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. కానీ ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. నీలిరేఖ మంచి మలుపు తిరిగినప్పుడల్లా ఈ గదిలో, ఈ కుర్చీలో వాడు అట్లాగే ముందుకి వంగి కూర్చునేవాడు.

నాన్న చాలా మాట్లాడాడు. అమ్మతో మాట్లాడని మాటలెన్నో ఆ పెట్టెతో మాట్లాడాడు. తలుపు చాటున నిలబడి క్రిస్టీ అన్నీ విన్నది. అవి ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలేట్టుంది.

చేతిని విడిపించుకుని బ్యాగు భుజాన వేసుకుంది.

"చెప్పక్కా, ఏమన్నాడు?" అన్నాడు మోజెస్.

"ఏమీ అనలేదు" అని క్రిస్టీ మెట్లు దిగి వెళ్ళిపోయింది.