ఒక పాస్ తక్కువ

"బస సంగతి కొత్తకోడలికి వదిలేయండి. చదువుకున్న పిల్ల, ఫోన్లో నాలుగూ వెతికి మంచిది పట్టుకొస్తుంది" అన్నారు బావగారు, తిన్న పళ్ళెం నా చేతికిస్తూ.

నేను పళ్ళెం అందుకున్నానో పతకం అందుకున్నానో నాకే తెలియలేదు. పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు. ఈ ఇంట్లో నాకు చెప్పి చేయించిన పనులే తప్ప నన్నడిగి చేసిన పని ఒక్కటీ లేదు. అలాంటిది, సెలవుల్లో ఇంటిల్లిపాదీ థీమ్ పార్కుకి వెళ్తుంటే ఎక్కడ దిగాలో, ఎవరు ఏ గదిలో పడుకోవాలో నేను తేల్చాలట! సింకు దగ్గర నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. సబ్బునురగ మోచేతిదాకా పాకింది. అదీ ముద్దుగానే అనిపించింది.

చిన్న చిన్న వాటికే ఏనుగెక్కినంత సంబరపడటం నా జబ్బు. ఆ రిసార్టులో తువ్వాళ్ళని కుందేళ్ళలా మడిచి మంచం మీద కూర్చోబెడతారని చదివి మా ఆయన్ని ఆఫీసులో ఉండగా ఫోన్ చేసి విసిగించాను. "కుందేలా? సరే, మీటింగులో ఉన్నా" అన్నాడు. సాయంత్రం వచ్చాక ఆయన టై విప్పుతూనే మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పార్కులో తలకిందులుగా తిరిగే రోలర్ కోస్టర్ ఉందట, మనిద్దరం మొదటి వరసలో కూర్చోవాలి, నేను కచ్చితంగా కెవ్వుమంటాను, నువ్వు నా చెయ్యి వదలకూడదు అన్నాను. గదిలో ఉంటే నువ్వు, హాల్లోకి వస్తే మీరు, అదీ మా ఒప్పందం. "సరే, వదలను" అని నవ్వాడు.

మాది పెద్ద గుంపు. అత్తయ్య, మామయ్యగారు, బావగారు, ఆయన భార్య, అంటే నేను అక్కా అని పిలిచే నా తోడికోడలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, కాలేజీలో చదివే మరిది, మేమిద్దరం. ఆడపడుచూ ఆవిడ భర్తా కవలల్ని ఎత్తుకుని నేరుగా అక్కడికే వస్తారు. పిల్లల్లో ఒక్క పెద్దది తప్ప మిగతా ముగ్గురూ ఇంకా పాలసీసా వదలనివాళ్ళే. ఇంతమందికీ నప్పే చోటు వెతకడమంటే మాటలా? రిసార్టు వాళ్ళవి రెండు రకాల బసలున్నాయి. ఒకటి పార్కు గేటుకి ఆనుకున్న హోటలు. పక్కపక్క గదుల మధ్య తలుపు తీస్తే రెండూ ఒకటైపోతాయి. పిల్లల మంచాలు ఓడ ఆకారంలో ఉంటాయి. చంటివాళ్ళని మధ్యాహ్నం నడిచి తెచ్చి కునుకు తీయించి మళ్ళీ తీసుకెళ్ళొచ్చని తల్లులు రాసిన రివ్యూలన్నీ చెప్పాయి. కానీ వంటగది లేదు, కింద భోజనాల హాలే గతి. రెండోది దూరంగా చెట్ల మధ్య విల్లా. పార్కుకి బస్సెక్కి వెళ్ళాలి. పెద్ద హాలు, బట్టలుతికే యంత్రం, వంటగది.

"వంటగది ఉండి తీరాలమ్మా" అన్నారు అత్తయ్య. "పిల్లలకి బయటి తిండి పడదు. మీ మామయ్యగారికి అసలే పడదు."

నా మనసు ఓడమంచాల మీదే ఉన్నా, విల్లా వంటగది ఫొటో చూడగానే కరిగిపోయాను. కిటికీ కింద తెల్లరాతి గట్టు, దాని మీద ఎండ. అందరూ లేవకముందే నేనూ మా ఆయనా ఆ గట్టెక్కి కూర్చుని కాఫీ తాగుతున్నట్టు ఊహించుకున్నాను. ఇంకేం, విల్లాయే ఖాయం అనుకున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ హాల్లో ఉండగా, నా పెత్తనం నలుగురికీ వినపడాలని స్పీకర్ పెట్టి మరీ రిసార్టుకి ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి గొంతు తియ్యగా ఉంది.

"మీ ఇంటివాళ్ళు ముందు కూడా చాలాసార్లు వచ్చారు కదండీ, ఇక్కడ కనిపిస్తోంది. విల్లాలోనే దిగేవారు. పార్కు పాసులు కూడా ఎప్పటిలాగేనా? పెద్దవాళ్ళలో ఒకటి తక్కువ?"

నేను పకపకా నవ్వి హాలంతా కలయజూశాను. "చూశారా, ఎక్కడో పొరపాటు పడ్డట్టున్నారు. ఒక పాస్ తక్కువంటోంది!"

ఎవరూ నవ్వలేదు. మామయ్యగారు పేపరు పేజీ తిప్పారు. "పొరపాటేముంది? ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది."

"అదేంటి మామయ్యగారూ, ఎవరు రావట్లేదు?"

"రాకపోవడమేంటి వదినా, అందరం వస్తాం" అన్నాడు మరిది సోఫాలో పడుకునే. "నువ్వు విల్లాలో ఉంటావు, అంతే."

"చంటిపిల్లలతో ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా" బావగారు అరటిపండు ఒలిచినట్టు విడమర్చారు. "పైగా రోజంతా తిరిగి తిరిగి వచ్చేసరికి వేడివేడిగా వంట సిద్ధంగా ఉంటే ఆ సుఖమే వేరు."

"నేను చేశాను. పెద్దకోడలు వచ్చాక అది చేసింది" అన్నారు అత్తయ్య, కత్తెరతో దారం కత్తిరిస్తూ, రేపటి వాతావరణం చెప్పినంత మామూలుగా. "ఇప్పుడు నీ వంతు. చిన్నోడి పెళ్ళయితే నువ్వూ వెళ్దువుగాని."

"అయితే నాకు రాబోయే ఆవిడక్కూడా ఆ విల్లా ఇప్పుడే బుక్ చేసి పెట్టు వదినా, ముందే చెప్తే రేటు తగ్గిస్తారేమో!" అన్నాడు మరిది. అందరూ ఘొల్లుమన్నారు. మా ఆయన కూడా.

నేను కూడా నవ్వాననుకుంటా. నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఎదురుగా గోడ మీద, నేను రోజూ గుడ్డతో తుడిచే ఫొటో ఉంది. అదే పార్కులో నీటి జారుడుబండ కింద నిలువునా తడిసి, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతున్న కుటుంబం. అందులో అక్క లేదు. ఫొటో తీసింది అక్కేనేమో అనుకుని, ఎంత బాగా తీసిందో అని మెచ్చుకున్నాను కూడా. ఒక మనిషి లేకపోవడం ఆ గోడ మీద ఇన్నాళ్ళూ వేలాడుతుంటే, నేను దాని మీద దుమ్ము దులుపుతూ వచ్చాను. వాళ్ళు నాకు పెత్తనం ఇవ్వలేదు. నన్ను పెట్టాల్సిన గదిని నా చేతే వెతికించారు. నేను దానికి ఎండ ఎటునుంచి పడుతుందో కూడా చూసుకున్నాను.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"సాయంత్రం చేస్తానండీ" అన్నాను. ఆ గొంతు నాది కాదు.

వంటింట్లోకి వెళ్ళేసరికి అక్క పాలసీసాలు మరగబెడుతోంది. నన్ను చూసి స్టవ్ తగ్గించింది. నేనేమీ అడగకముందే తన గదిలోకి వెళ్ళి అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చింది. మూత తీసి చూపించింది. తెల్లటి బూట్లు, అడుగున మట్టి మరక కూడా లేదు.

"పార్కంతా నడవాలట కదా, చెప్పులైతే కాళ్ళు కోసుకుపోతాయంటారు. మీ పెళ్ళి కుదిరిన వారమే కొనుక్కున్నా" అంది.

నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు అక్క నన్ను గట్టిగా వాటేసుకుని, నువ్వెప్పుడొస్తావా అని ఎంత ఎదురుచూశానో తెలుసా అంది. ఆ మాట అమ్మకి ఫోన్లో చెప్పి ఏడ్చాను, ఇంత ప్రేమించే తోడికోడలు ఎవరికి దొరుకుతుందని. అబద్ధమేం చెప్పలేదు అక్క. నిజంగానే ఎదురుచూసింది.

"లోపలెలా ఉంటుందక్కా?"

"ఏమో. గేటు దాకా వెళ్ళి చెయ్యూపి వచ్చేసేదాన్ని. రాత్రయితే బాణసంచా కాలుస్తారు. ఆ చప్పుడు బాగా వినిపిస్తుంది."

"చప్పుడేనా?"

"వంటింటి కిటికీ అటువైపు ఉండదు." సీసా ఒకటి పటకారుతో తీసి బోర్లించింది. తర్వాత నా కళ్ళలోకి చూడకుండా అంది. "నాకు తెలుసు, నీకు కోపంగానే ఉంటుంది. కానీ నువ్వు విల్లాలో ఉండనని మొండికేస్తే ఎవరుండాలో తెలుసుగా? మళ్ళీ నేనే. ఈ ఒక్కసారి వెళ్ళనివ్వమ్మా."

అమ్మా అని నన్నే బతిమాలుతోంది, నాకంటే అంత పెద్దది. నేను కాదంటే ఆ బూట్లు మళ్ళీ పెట్టెలోకి పోతాయి. ఔనంటే, ఇంకెన్నేళ్ళకో ఇదే స్టవ్ దగ్గర నిలబడి, రాబోయే ఇంకో పిల్లకి నా బూట్లు నేను చూపిస్తాను. ఆ పిల్లని వాటేసుకుంటాను కూడా.

మా ఆయన బాల్కనీలో ఉన్నాడు. తీగ మీద బట్టలు తీసి మడతపెడుతూ అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"ఏది? ఓ, అదా. అది ఎప్పుడూ ఉండేదేగా."

"మరి రోలర్ కోస్టర్ అన్నప్పుడు సరే అన్నావు, చెయ్యి వదలనన్నావు."

"నువ్వు అంత ఆనందంగా చెప్తుంటే కాదనడమెందుకని..." నా తలమీద చెయ్యేసి జుట్టు చెరిపాడు. "అబ్బా, ఇప్పుడేమైందని ఆ మొహం? పనా పాటా? ఏసీలో కాళ్ళు చాపుకుని కూర్చోవడమేగా. పిల్లలు ఎలాగూ పడుకుంటారు. నన్నడిగితే అసలైన సెలవంటే అదే. నాకిస్తే ఎగిరి గంతేస్తాను."

ఆయన మొహం పరీక్షగా చూశాను. వెటకారం లేదు, అబద్ధం లేదు. నాకు తలనొప్పి వస్తే తనే మాత్ర తెచ్చిచ్చే మనిషి, రోడ్డు దాటేటప్పుడు నన్ను లోపలివైపు నడిపించే మనిషి, ఆ మాట మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. ఇంత మంచివాడు ఇంత పెద్ద విషయాన్ని ఇన్నేళ్ళూ చూడకుండా ఎలా బతికాడన్నదే నాకు మింగుడు పడలేదు. వాళ్ళమ్మ పక్కన లేకుండా తను జారుడుబండలు జారాడు. వదిన పక్కన లేకుండా ఐస్‌క్రీములు తిన్నాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడాలనిపించలేదా? ఆయన చొక్కా మడతపెట్టి మిగతావాటి పైన పెట్టాను. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడూ అంతే ఇష్టంగా ఉంది, అదే విచిత్రం.

సాయంత్రం టీల దగ్గర అందరూ చేరాక మళ్ళీ ఫోన్ కలిపాను. స్పీకర్ పెట్టాను. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"విల్లా వద్దండీ. గేటు పక్కన హోటలే ఇవ్వండి. మధ్యలో తలుపు ఉండే గదులు" అన్నాను.

"హోటలా? వంటగదమ్మా!" అన్నారు అత్తయ్య. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించాను. ఈ ఇంట్లో ఎవరికైనా నేను చెయ్యి చూపించడం అదే మొదటిసారి.

"అలాగేనండీ. పాసులు అందరికీనా, ఎప్పటిలాగే ఒకటి తక్కువా?"

గుమ్మం దగ్గర నుంచి అక్క నావైపే చూస్తోంది.

"ఒకటి తక్కువేనండీ" అన్నాను.

మామయ్యగారు తృప్తిగా తలూపి టీ అందుకున్నారు. బావగారు బిస్కెట్ తీసుకున్నారు.

"గదిలో ఉండేవాళ్ళ పేరు చెప్తారా? చంటిపిల్లల మంచాలు వాళ్ళ గదిలోనే వేయిస్తాం."

మా ఆయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, వాళ్ళు తప్పు రాసుకోకుండా నెమ్మదిగా, విడదీసి చెప్పాను.

"రాసుకున్నానండీ, ఖాయం చేశాను" అని ఆ అమ్మాయి పెట్టేసింది.

బావగారి బిస్కెట్ టీలో విరిగి పడిపోయింది. మరిది లేచి కూర్చున్నాడు. మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగి, "ఏంటిది, వేళాకోళమా?" అన్నాడు. అత్తయ్యే ముందుగా తేరుకుని, ఇన్నిటిలో తనకి అర్థమైన ఒకే ఒక్క ప్రశ్న పట్టుకున్నారు.

"అది సరే, వంటగది లేని చోటు ఎందుకు తీసుకున్నావమ్మా?"

"మీ అబ్బాయికి వంట రాదు కదత్తయ్యా" అన్నాను.