అరవై ఏడో సొరుగు

అరవై ఆరో సొరుగు తుడిచి, అరిగిపోయిన కలరా ఉండలు తీసి కొత్తవి వేసి, పెట్టెల తాత ఆయాసంతో స్టూలు మీద కూలబడ్డాడు. మ్యూజియం వెనక గదిలో ముప్పై మూడేళ్లుగా ఆయన పని ఇదే. ఆ వాసన ఒంటికి పట్టేసి ఎన్ని స్నానాలు చేసినా వదలదు. "మీరు ఇంట్లో ఉంటే బట్టలకి చిమటల బెంగ లేదండీ" అని భార్య దెప్పుతుంటుంది.

తర్వాతిది అరవై ఏడో సొరుగు. తొమ్మిదేళ్లుగా దాని దగ్గరికొచ్చేసరికి ఆయన చేతులు బరువెక్కుతాయి.

అందులో రెండు అరల ట్రే ఒకటుంది. ఒక అరలో నది తూర్పు గట్టున ఏరిన నత్తగుల్లలు, రెండో అరలో పడమటి గట్టువి. ఒక్కోటి పెసరగింజంత. వాటి మీద అంకె వేయడానికైనా చోటు లేదు. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ ట్రే తాత చేతిలోంచి జారింది. రెండు వందల పైచిలుకు గుల్లలు చెల్లాచెదురైపోయాయి. గదిలో ఎవరూ లేరు. తాత మోకాళ్ల మీద పాకి అన్నీ ఏరాడు. చారలున్నవి తూర్పు అరలో, చారల్లేనివి పడమటి అరలో వేశాడు. పనిమంతుడు కదా, ఒక్కటి కూడా తేడా రానివ్వలేదు! అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయన నోరు విప్పకుండానే అతికించేశాడు.

ఆ తర్వాత నత్తల మేడమ్ వచ్చింది. నాలుగేళ్లు భూతద్దం కింద ఆ గుల్లల్ని కొలిచింది. ఒకే రకం నత్తలు నదికి చెరోవైపు చిక్కుకుని, తరతరాలుగా కలవక, రెండు వేర్వేరు జాతులయ్యాయని వ్యాసం రాసింది. ఆ గట్లు ఇప్పుడు ఆనకట్ట నీళ్ల కింద ఉన్నాయి. సాక్ష్యమంటూ మిగిలింది ఈ ట్రే ఒక్కటే.

మూడింటికి ఆవిడే ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, ఒక్క సంతకం పెట్టాలి. నా వ్యాసం చూసినవాళ్లు ఒక పట్టాన నమ్మట్లేదు. ఎంత విడిపోయినా అటూ ఇటూ కాకుండా నాలుగైనా ఉండాలి కదా, ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయి అంటున్నారు. ఏరినప్పుడు ఉన్నట్టే ఉన్నాయని మీరు రాసిస్తే సాయంత్రం పంపించేస్తాను."

తాత కలం పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన మాట సాక్ష్యంగా అడిగినవాళ్లు లేరు. కలం కింద పెట్టేశాడు.

"అవి నేను సర్దినవమ్మా."

"అంటే?"

"ట్రే పడిపోయింది. చారలు చూసి వేరు చేశాను. ఏది ఏ గట్టుదో నాకు తెలీదు."

మేడమ్ నేల మీదే కూర్చుండిపోయింది. అక్కడి నుంచే అడిగింది. "పడకముందు కలిసి ఉండేవా?"

"పడమటి అరలో చారలవి కొన్ని ఉండేవనిపిస్తుంది."

"ఎన్ని?"

"చెప్పలేను. ఉండేవని కూడా ఒట్టేసి చెప్పలేను. ఒకసారి సర్దాను చాలు తల్లీ, మళ్లీ సర్దలేను."

"నాలుగేళ్లు బాబాయ్! రోజూ మీ ఎదురుగానే కదా కొలిచాను! ఒక్క మాట చెప్పకూడదా?" ఆవిడ కళ్లు తుడుచుకుంది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. "నదికి లక్షల ఏళ్లు పట్టే పని, మీరు ఒక్క మధ్యాహ్నంలో కానిచ్చేశారు."

తాతకు నవ్వు రాలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆవిడ కాగితం నాలుగు ముక్కలుగా చింపింది. "వ్యాసం పంపను. ఏం జరిగిందో చీటీ రాసి లోపల పెట్టండి. నా తర్వాత వచ్చేవాళ్లయినా మోసపోకూడదు."

ఆయన రాశాడు. అక్షరాలు వంకరపోతే ఇంకో చీటీ తీసుకుని మళ్లీ రాశాడు. అయిదింటికి తాళాలు మేకుకి తగిలించి, గోడ పట్టుకుని మెట్లు దిగి, ఇంటికి వెళ్లి రెండు ముద్దలు తిని పడుకున్నాడు. "చెప్పేశానే" అన్నాడు భార్యతో. "ఇన్నాళ్లకా!" అందావిడ. తెల్లవారి టీ తెచ్చి లేపితే లేవలేదు.

నాలుగో రోజు మేడమ్ అరవై ఏడో సొరుగు తెరిచింది. కొత్త కలరా ఉండల పక్కన, గుల్లల మీద, చీటీ ఉంది. "ఈ ట్రే నా చేతిలోంచి పడింది. ఏది ఏ గట్టుదో తెలియదు." కింద సంతకం. ఆ గదిలో వేల చీటీలున్నాయి, ఆయన చేత్తో రాసింది మాత్రం అదొక్కటే.