సెగ దిగిన టీ

చలికాలపు కోత అయిపోయి ఇరవై రోజులు దాటింది. లూగూ అనే ఆ కొండ ఊళ్లో ఆ వీధి పొడుగునా టీ వాసనే. ఇదివరకు ప్రతి ఇంటి వెనకా బొగ్గుల గుంట ఉండేది. ఇప్పుడు చాలామంది కరెంటు పొయ్యిలకు మారిపోయారు. గుంట మీద వెదురు బుట్ట పెట్టి, బొగ్గు మీద బూడిద కప్పి, రాత్రీ పగలూ కాచుకుని టీకి సెగ పెట్టేవాళ్లు ఆ వీధిలో ముగ్గురే మిగిలారు. ముగ్గురిలో ఆడమనిషి లియావ్ బీయున్ ఒక్కతే.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె బుట్టలోని టీని అరచేత్తో తిరగేస్తూ ఉండగా, ముందు అంగడిలోంచి ఎవరో పిలిచారు.

"ఇంట్లో ఎవరైనా ఉండారా?"

"ఉన్నాను. వెనక్కి రండి. నేనిప్పుడు కదిలితే ఇది మాడిపోతుంది" అంది బీయున్.

వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, భుజాన గుడ్డ సంచి. గుమ్మం దాటగానే నిలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

"నాలుగు దినాలుగా ఈ వాసన కోసమే తిరగతా ఉండా" అంది.

బీయున్ తల తిప్పి చూసింది. "ఎక్కడినుంచండీ మీరు? మీ మాట అచ్చం మా అమ్మమ్మ మాటలా ఉంది. ఆ పలుకు విని నలభై ఏళ్లయింది."

"సముద్రం అవతల పెనాంగ్ మాది. మా పెద్దోళ్లు పడవెక్కి పోయినోళ్లు. అన్నీ మారినాయి గానీ, మాట మాత్రం ఆ పడవ దిగిన కాడే నిలిచిపోయింది." ఆవిడ నవ్వి, పక్కనున్న ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. "నా పేరు ఖూ గైక్. మా అమ్మకి వచ్చే వారం దాటినాక తొంభై నిండతాయి. ఆమెకి టీ తీసకపోవాల."

"తైపే పట్నంలో దొరకలేదా?"

గైక్ సంచిలోంచి మూడు డబ్బాలు తీసి నేల మీద పెట్టింది. మూడూ అందమైనవే. ఒకదాని మీద బంగారు రంగు కొండలు, ఇంకోదాని మీద కొంగ.

"అన్నీ పచ్చగా, పూల వాసనేస్తా ఉండాయి. మా అమ్మ టీ పండే ఆన్‌షీ కొండల్లో పుట్టిన మనిషి. వాళ్ల నాయన టీ కాల్చేవాడు. పన్నెండేళ్లప్పుడు పెనాంగ్ వచ్చింది. టీ అంటే నల్లంగా, కొంచెం పొగ తగిలినట్టు ఉండాల, గొంతులో దిగినాక తీపి రావాల ఆమెకి. పోయినేడు మా తమ్ముడు ఇట్లాంటి డబ్బానే తెచ్చినాడు. ఒక గుక్క తాగి, 'ఆవుకి వేసేది నాకెందుకు తెచ్చినావురా' అనింది."

బీయున్ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆమె చెయ్యి మాత్రం బుట్టలో తిరుగుతూనే ఉంది.

పెనాంగ్‌లోని ఆ ముసలమ్మ మీద ఆమెకు అప్పుడే ఇష్టం పుట్టుకొచ్చింది. కారణం ఉంది. పద్నాలుగేళ్ల కిందట మొగుడు పోయినప్పుడు, సెగ పెట్టడం ఆడవాళ్ల వల్ల కాదని వీధిలో అందరూ అన్నారు. కాదనిపించుకోకుండా నిలబడేసరికి లోకం రుచే మారిపోయింది. కొనేవాళ్లంతా పచ్చటి టీ అడగడం మొదలెట్టారు. ఊళ్లో జరిగే టీ పోటీకి రెండుసార్లు పంపితే రెండుసార్లూ "సెగ ఎక్కువ" అని రాసి తిప్పి పంపారు. సగం సెగ తగ్గిస్తే బహుమతి వస్తుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆమె తగ్గించలేదు. తన టీ కొనడానికి కొండ దిగువ ఊళ్లనుంచి పది పన్నెండుమంది ముసలివాళ్లు వస్తారు. వాళ్లు చాలనుకుంది.

బుట్ట దించి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పది రోజుల కిందట సెగ ముగించిన టీ తీసి కలిపింది. గైక్ మొదటి గుక్క తాగి కళ్లు మూసుకుంది. రెండో గిన్నె తనే వొంపుకుంది.

"ఇదే. కట్టివ్వండి."

"ఇవ్వను" అంది బీయున్.

గైక్ గిన్నె దించింది. "అదేందమ్మా?"

"దీనికి ఇంకా సెగ దిగలేదు. ఇప్పుడు తాగితే నాలుక మీద మంట వాసన ముందొస్తుంది, టీ తర్వాతొస్తుంది. నలభై రోజులు మూతపెట్టి వదిలెయ్యాలి. మీ అమ్మగారి పుట్టినరోజు పది రోజుల్లో కదా."

"నాకు బాగానే ఉండాదే. ఆమెకి మాత్రం తెలస్తుందా?"

"గడ్డిని గడ్డి అని కనిపెట్టినావిడకి మంటను మంట అని తెలియదా అక్కా? ఆవిడ ముందు నా టీ పరువు పోగొట్టుకోలేను."

అంతలో ముందు అంగడిలో చెప్పుల చప్పుడైంది. బీయున్ మరిది వెన్‌లాంగ్. వీధి మొదట్లో అద్దాల బీరువాలతో పెద్ద అంగడి అతనిది. తన గుమ్మం దాటి ఎవరో పైఊరి మనిషి వాసన చూసుకుంటూ నడిచిపోవడం అతను గమనించాడు. చేతిలో ఎర్రటి డబ్బా, దాని మీద పోటీ వాళ్ల ముద్ర.

"వదిన చెప్పదు గానీ నేను చెప్తానక్కా" అన్నాడు కూర్చుంటూనే. "పైదేశంనుంచి కానుక పట్టుకెళ్తున్నారంటే, విప్పకముందే దాని విలువ తెలియాలి. ఇది మా ఇంటి టీ, ఈ ఏడు బహుమతి వచ్చింది. మా వదిన టీ కూడా మంచిదే. కాకపోతే తాగినవాళ్ల మూతి నల్లబడుతుంది."

"నీకు మీసం తెల్లబడిందిగా. వచ్చి తాగు, పనికొస్తుంది" అంది బీయున్.

గైక్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పీట ముందుకు జరుపుకుంది.

"ఆయనదొకటి, నీదొకటి కలుపు. ఇంకా ఏమైనా ఉంటే అదీ కలుపు. ఏది ఎవరిదో నాకు చెప్పొద్దు. డబ్బా చూసి మా అమ్మ తాగదు, నేనూ చూడను" అంది.

ఇంకా ఏమైనా ఉంటే అన్న మాట దగ్గర బీయున్ ఆగిపోయింది. ఉంది. గోడవారగా బల్ల కింద మట్టి జాడీలో ఉంది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొగుడు పోయిన రెండో నెలలో ఆమె మొదటిసారి ఒంటరిగా వేయించిన టీ అది. వసంతం కోత గోతాల్లో ఉండిపోయింది. వదిలేస్తే చెమ్మ తగిలి పాడైపోతుంది. తెలిసీ తెలియకుండా గుంట రాజేసింది. మూడో రోజు తెల్లవారుజామున కూర్చున్నచోటే కన్నంటుకుంది. మెలకువ వచ్చేసరికి బుట్టలో ఒక పక్కంతా మాడింది. వెన్‌లాంగ్ వచ్చి గింజల్లా చుట్టుకున్న రెండు ఆకులు నలిపి చూసి, "ఇది టీ కాదు వదినా, బొగ్గు. పారెయ్యి" అన్నాడు. అతను చెడ్డగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. ఆమె పారెయ్యలేదు. చాటలో పోసుకుని, మాడినవి ఒక్కొక్కటే ఏరి తీసేస్తూ పదకొండు రోజులు కూర్చుంది. మిగిలింది జాడీలో పోసి మూతకు మైనం పెట్టింది. ఏటా చలికాలం గుంట చల్లారేముందు దాన్ని తీసి, చెమ్మ పోయేలా సన్నటి సెగ చూపించి, మళ్లీ మూసిపెట్టేది. ఆ రోజు ఒక్క గిన్నె తాగి చూసేది. నాలుగైదేళ్లు చేదే. తర్వాత చేదు మెత్తబడింది. పోయిన రెండేళ్లు తాగాక ఏమనుకోవాలో తెలియక ఊరుకుంది. తన తప్పు మీద తనకే ప్రేమేమో, అందుకే బాగున్నట్టనిపిస్తుందేమో అని అనుమానం.

ఇద్దరికీ వీపు తిప్పి జాడీ తెరిచింది. చిన్న త్రాసు మీద మూడింటినీ సమానంగా తూచింది. మూత ఉన్న మూడు తెల్లటి గిన్నెల్లో వేసి, సలసల కాగిన నీళ్లు పోసి, గడియారం చూసి ఆరు నిమిషాలు ఆగింది. ఆ ఆరు నిమిషాలూ వెన్‌లాంగ్ పెనాంగ్‌లో ఎండల గురించి అడుగుతూనే ఉన్నాడు. బీయున్‌కు ఒక్క మాటా చెవికెక్కలేదు.

గైక్ చెంచాతో మొదటిది జుర్రింది. "ఇది అందగత్తె. ఒళ్లంతా పూలే. పెళ్లికి తీసకపోతే బాగుంటుంది. మా అమ్మకి కాదు."

రెండోది తాగింది. "ఇది ఇందాకటిదే. దీనికి కోపం తగ్గలా." వెన్‌లాంగ్ నవ్వాడు, బీయున్ కూడా తలూపింది.

గైక్ మూడోది ఒక్క చెంచా తాగింది. చెంచా కింద పెట్టి, గిన్నె రెండు చేతుల్తో ఎత్తి తాగింది. మళ్లీ వాసన చూసింది. అడుగున ఉన్న ఆకును వేలితో కదిపి చూసింది.

"చిన్నప్పుడు అమ్మ తాగి పెట్టేసిన గిన్నెలో అడుగున కొంచెం మిగిలేది" అంది చివరికి. "మాకెవరికీ పోసేది కాదు, పిల్లోళ్లకి నిద్ర రాదని. నేను దొంగగా తాగేదాన్ని. ఆ రుచి మళ్లీ యాడా దొరకలా. ఇదిగో, ఇదే."

వెన్‌లాంగ్ తన చెంచా ముంచాడు. అతనికి టీ తెలుసు, తండ్రి తాతల నుంచి తెలుసు. నోట్లో తిప్పి మింగి, కాసేపు గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడ కొన్నావు వదినా ఇది?"

"కొనలేదు. నువ్వు పారెయ్యమన్నావు చూడు, అది."

అతనికి వెంటనే తట్టలేదు. తట్టాక ముఖం ఎర్రబడింది. ఇంకో గిన్నె వొంపుకుని, ఈసారి నెమ్మదిగా తాగాడు. "బొగ్గు అన్నాను కదూ" అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

"అప్పుడది బొగ్గే" అంది బీయున్.

గైక్ జాడీ మొత్తం అడిగింది. బీయున్ నాలుగో వంతు ఇస్తానంది. ఎంత బతిమాలినా అంతకు మించి కదల్లేదు. ధర అడిగితే, మరిది ఒళ్లో ఉన్న ఎర్ర డబ్బా వైపు చూపించి, "తూకానికి తూకం, ఆ డబ్బా టీకెంతో దీనికీ అంతే" అంది. గైక్ బేరమాడలేదు.

డబ్బా ఏమీ లేదు. పాతకాలం పద్ధతిలో రెండు పొరల తెల్ల కాయితంలో నలుపలకలుగా మడిచింది. పొట్లం మీద వేయడానికి అలవాటుగా మొగుడి పేరున్న ముద్ర అందుకుంది.

"అదెవరు?" అంది గైక్.

"మా ఆయన."

"ఆయన వేయించినాడా దీన్ని?"

"లేదు."

"అట్లైతే వేయించినోళ్ల పేరు రాయి. మా అమ్మ మొదట అడిగేది అదే. ఊరూ పేరూ లేని టీ ఆమె ముందర పెట్టలేను."

బీయున్ ముద్ర పక్కన పెట్టి కలం తీసింది. టీ పొట్లం మీద తన పేరు రాయడం ఆమెకు అదే మొదలు. "లియావ్ బీయున్, లూగూ" అని రాసింది. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి. చెరపలేదు.

"నీళ్లు మరగకుండా పొయ్యొద్దు. తలనొప్పి తైలాలున్న సంచిలో పెట్టొద్దు, వాసన లాగేస్తుంది. బట్టల మధ్య పెట్టండి" అని మూడుసార్లు చెప్పింది. గైక్ ఆమె ఫోను నంబరు రాసుకుని, పొట్లాన్ని తన ఉన్ని శాలువాలో చుట్టుకుంది. పోతూపోతూ, తైపే డబ్బాలు మూడూ వెన్‌లాంగ్ చేతిలో పెట్టి, "మీ ఇంట్లో ఆవులుండాయా అబ్బోడా?" అంది.

రెండు వారాలు దాటాక, ఒక ఉదయం, బీయున్ ఫోనుకు ఎవరో మాట రికార్డు చేసి పంపారు. అప్పుడు వెన్‌లాంగ్ అక్కడే ఉన్నాడు. ఆ రోజునుంచి అతను ఏదో ఒక సాకుతో పొద్దున్నే వస్తున్నాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. వచ్చింది గైక్ గొంతు కాదు. అంతకంటే పాతది, సన్నగా వణుకుతూ, అయినా గదమాయిస్తున్నట్టుగా ఉంది.

"ఏమ్మే, బీయున్ అంటే నువ్వేనా? మా పిల్ల ఇంతే ఇంత పొట్లం తెచ్చింది. తొంభై ఏండ్ల ముసిల్దానికి ఇంతేనా పెట్టేది? నాలుగు దినాలకి అయిపోయింది. ఇంకోటి చెప్తా, విను. ఇది ముందు ఒక పక్క మాడింది. నాకు చెప్పకుండా దాచొద్దు. మాడినాక బాగు చేసుకున్నావు. అట్లా బాగు చేసేది మా నాయన ఒక్కడే అనుకున్నా ఇన్నేండ్లూ. ఇంకొకరు ఉండారని ఈ వయసులో తెలిసింది. బాగుంది. బతుకు." తర్వాత ఎవరినో ఫోను ఎలా ఆపాలని అడుగుతున్న మాటలు వినిపించి, ఆగిపోయింది.

బీయున్ మళ్లీ నొక్కింది. మూడోసారీ విన్నది. మూడోసారి "ఒక పక్క మాడింది" దగ్గర గట్టిగా నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండు రోజులు ఏరిన చేతులు తనవి. ఆ సంగతి తను చెప్పలేదు. సముద్రం అవతల, ఎన్నడూ చూడని మనిషి, నాలుకతో చదివేసింది. పోటీవాళ్లు రాసిన రెండు కాయితాలు బీరువాలో ఎక్కడో ఉండాలి. వాటి మీద కోపం పోయిందని ఆ నిమిషంలోనే ఆమెకు తెలిసింది. వెతకాలనిపించలేదు.

వెన్‌లాంగ్ పీట గుంట దగ్గరికి లాక్కున్నాడు.

"వదినా, మా ఇంట్లో గుంట పూడ్చేసి తొమ్మిదేళ్లయింది. నాన్న నేర్పుతానంటే వినలేదు నేను. కరెంటు పొయ్యి ఉండగా ఎందుకన్నాను" అన్నాడు. "ఇప్పుడు నేర్చుకుంటే వస్తుందంటావా?"

"నాకు నలభై నాలుగేళ్లప్పుడు వచ్చింది."

"నాకు యాభై ఆరు."

"అయితే కాస్త ఎక్కువ మాడుతుంది" అంది బీయున్. లేచి బుట్ట అందుకుని గుంట మీద సర్దింది. "రేపు ఐదింటికి రా. చెప్పులు బయట విడిచి రా. మొదటి నెలంతా బూడిద జల్లెడ పట్టడమే నీ పని, టీ ముట్టుకోనివ్వను."

"నెలంతానా?"

"ఆ మాడ్చుకున్నాక నేను రెండు నెలలు జల్లెడ పట్టాను" అని ఆమె టీలో చెయ్యి పెట్టి తిరగేయసాగింది.